నీలం దారం కట్టిన కాయలు

పువ్వుకి పెళ్ళి చేయాలంటే ముందు దాని కేసరాలు పీకేయాలి. ఈ మాట చెబితే ముఖం చిట్లించేవాళ్ళే ఎక్కువ. పూలంటే తేనెటీగలూ, గాలికి ఊగే కొమ్మలూ అనుకుంటారు పాపం. ఆ పరిశోధనశాల రెండో అంతస్తులో, గాజుగది పక్కనున్న పొడవాటి గదిలో మాత్రం పువ్వంటే మిల్లీమీటరున్నర మొగ్గ. దాన్ని చూడటానికి ఒక మైక్రోస్కోపు, విప్పడానికి సూదికన్నా సన్నటి మొనలున్న పట్టకారు. మొగ్గ విచ్చుకోకముందే రేకులు ఒక్కొక్కటే తప్పించి, లోపలి కేసరాలన్నిటినీ పుప్పొడి రాలకుండా తీసేయాలి. మధ్యలో ఒంటరిగా మిగిలిన అండకోశం మీద రెండు రోజులాగి మనకు కావలసిన మొక్క పుప్పొడి అద్దాలి. ఒక్క కేసరం మిగిలిపోయినా, తీసేటప్పుడు ఒక్కటి చిట్లినా, ఆ పువ్వు తన పుప్పొడితో తానే కాయ కాసేసుకుంటుంది. మనం తెచ్చిన పెళ్ళికొడుకు ఇక వచ్చిన దారి పట్టాల్సిందే.

ఈ పనిలో పిన్ని చేయి తిరిగిన మనిషి. అంతకు ముందు ఓ దర్జీ కొట్లో కాజాలు కుట్టేది. చొక్కా తీసుకోవడానికి వచ్చిన ప్రొఫెసరు, అంటే అక్కడ అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన, కాజాని కళ్ళజోడు పైకెత్తి మరీ చూసి, ఇది కుట్టిందెవరని అడిగి, ఆ నెలలోనే ఆవిణ్ణి తెచ్చి కిటికీ పక్కన మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. అది ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. వృక్షశాస్త్రంలో పిన్నికి పట్టా లేదు. పట్టాలున్నవాళ్ళే ఆవిడ కుర్చీ వెనక నిలబడి, ఊపిరి బిగబట్టి నేర్చుకునేవాళ్ళు. ఎంత నేర్చినా వాళ్ళ చేతుల్లో పదిట్లో ఒక మొగ్గ పాడయ్యేది. పిన్ని చేతిలో ఏడాదికి ఒక్కటి పాడైతే ఆ పూట ఆవిడకి అన్నం సహించేది కాదు.

దర్జీ కొట్టు నుంచి పిన్ని తనతో తెచ్చిన అలవాటు ఒకటుంది. సంకరం చేసిన ప్రతి పువ్వు కాడకీ దారం కట్టాలి. ఒక్కో మనిషికి ఒక్కో రంగు. ఆవిడది నీలం. కాయ ఎవరి చేతి పనో గుమ్మంలోంచే తెలిసిపోవాలనేది ఆవిడ పట్టుదల. అటు ఇంకొకరి పేరు చెప్పి తప్పించుకునే వీలు లేదు, ఇటు ఇంకొకరి మెప్పు కొట్టేసే వీలూ లేదు. కొన్నేళ్ళు గడిచాక ఆ గదిలో ఎవరూ ఎక్కడా రాయని నిబంధన ఒకటి ఏర్పడింది. ఏ రంగు దారం కాయలోంచి వచ్చిన మొక్కకైనా డిఎన్‌ఎ పరీక్ష చేసి తండ్రెవరో రూఢి చేసుకోవాలి. నీలం దారానికి అక్కర్లేదు.

ఆ గదిలోకి ఎందుకమ్మ మొదటిసారి వచ్చింది తొమ్మిదేళ్ళప్పుడు, బడికి సెలవులిస్తే. ఆమె పిన్నికి సొంత అక్క కూతురు. నోరు తెరిస్తే ఎందుకూ ఎందుకూ అనడం తప్ప మరో మాట రాని పిల్ల కాబట్టి పిన్నే ఆ పేరు పెట్టింది. పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఆ రోజు పిన్ని ఆమెకి రెండు పూలు చూపించింది. కొండవాలు మీద పెరిగే కలుపు మొక్క పువ్వులో ఆరు కేసరాలు. దానికి దగ్గరి చుట్టం, పొలం గట్ల మీద మొలిచేది, దాని పువ్వులో నాలుగే. మిగతా రెండూ ఏమయ్యాయని పిల్ల అడిగింది. కొన్ని వేల ఏళ్ళ కిందట ఎక్కడో పారేసుకుంది అని పిన్ని చెప్పింది. ఎందుకు అని పిల్ల అడిగింది.

పదిహేడేళ్ళు తిరిగేసరికి ఎందుకమ్మ అదే ప్రశ్న పట్టుకుని, అదే గదికి, పెద్దాయన దగ్గర పరిశోధన చేయడానికి వచ్చి చేరింది. పట్టకారు పట్టుకుని కూర్చుంటే అచ్చు పిన్ని చేతులే. పొడవాటి వేళ్ళు, లోపలికి కాస్త వంగిన చిటికెన వేలు. ఎందుకమ్మ వాళ్ళమ్మ బడిపంతులమ్మ, ఇంట్లో మేకు కొట్టాలన్నా వేలు నలగ్గొట్టుకునే రకం. నా కడుపున పుట్టి దాని చేతులు తెచ్చుకుందని ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పుకునేది. పిన్నికీ లోలోపల ఏనుగెక్కినంత సంబరంగా ఉండేది. పైకి మాత్రం, పోలికలు చేతుల్లో ఉంటే చాలదు, ఓపికలో ఉండాలి అనేది.

పని ఇద్దరూ పంచుకున్నారు. సంకరాలు ఎక్కువగా పిన్నివి. లెక్కలూ, డిఎన్‌ఎ పరీక్షలూ ఎందుకమ్మవి. నాలుగు కేసరాల తల్లికి ఆరు కేసరాల తండ్రి పుప్పొడి అద్దితే పిల్ల మొక్కకి ఎన్నుంటాయి? తల్లిదండ్రుల్ని తారుమారు చేస్తే ఎన్నుంటాయి? ఇదీ ప్రశ్న. రెండో ఏడు నడుస్తుండగా నీలం దారం కాయల్లోంచి ఓ వింత బయటపడింది. తల్లికి నాలుగుంటే పిల్లకి నాలుగు. తల్లికి ఆరుంటే పిల్లకి ఆరు. తండ్రి ఎవరైనా ఒకటే. అన్నీ అలా లేవుగానీ, నెలనెలా అలాంటివి పెరుగుతూ వచ్చాయి. పువ్వు కేసరాల సంఖ్య విత్తనంలో తల్లి వేసే ముద్ర మీద ఆధారపడుతుందేమో అన్నాడు పెద్దాయన. అదే నిజమైతే చిన్న విషయం కాదని, కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. పిన్ని మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే తేల్చేసింది.

“అచ్చు అమ్మ పోలికే. నాన్న ఊసే లేదు.”

ఆ మాటకి అందరూ కడుపుబ్బ నవ్వారు.

మరి ఎందుకమ్మ తన చేత్తో చేసిన ఇరవై చిల్లర సంకరాల మాటేమిటి? వాటికి పసుపు దారం. వాటి పిల్లల్లో ఎక్కువ భాగం తల్లీ కాకుండా తండ్రీ కాకుండా మధ్యరకంగా, ఐదు కేసరాలతో వచ్చాయి. ఇక్కడే ఆమె పప్పులో కాలేసింది. పిన్ని చేతికీ తన చేతికీ తేడా వస్తే తప్పు తన చేతిదే అయ్యుంటుందని, ఆ పసుపు దారం లెక్కలన్నీ డిఎన్‌ఎ పరీక్ష దాకా పోనివ్వకుండానే ఓ కవర్లో పెట్టి సొరుగులో పడేసింది. ఆ గదిలో పెరిగిన ఎవరైనా అదే చేసేవారు.

వ్యాసం రాసి పత్రికకి పంపారు. నాలుగు నెలలకి జవాబొచ్చింది. అంతా బాగుంది, ఈ పిల్ల మొక్కలకి నిజంగా ఆ తండ్రే తండ్రి అని డిఎన్‌ఎ పరీక్షతో చూపించండి, వేసుకుంటాం అన్నారు. నీలం దారం సంగతి వాళ్ళకేం తెలుసని ఎందుకమ్మ విసుక్కుంది. విసుక్కుంటూనే ఆకు ముక్కలు కోసి పరీక్షకి పెట్టింది.

తల్లి పోలిక వచ్చిన మొక్కల్లో ఒక్కదానిలోనూ తండ్రి జాడ లేదు.

ముందు యంత్రాన్ని అనుమానించింది. తర్వాత రసాయనాల్ని. విత్తనాల పొట్లాలు తారుమారయ్యాయేమోనని అలమార మొత్తం కిందికి దించి వెతికింది. చివరికి సొరుగులోని కవరు తీసి, తన పసుపు దారం మొక్కల్ని కూడా పరీక్షించింది. వాటన్నిటికీ తండ్రి ఉన్నాడు, తల్లీ ఉంది, సగం సగం. గొప్ప తల్లి ముద్రా లేదు, ఏమీ లేదు. కేసరాలు పూర్తిగా తీయని పూలు తమ పుప్పొడితో తామే కాయలు కాశాయి, అంతే. అలా పుట్టిన పిల్ల తల్లిలా కాక మరెలా ఉంటుంది?

నీలం దారం కాయలు మొత్తం నూట పన్నెండు. వాటిని తేదీల వారీగా కాగితం మీద వేసింది. మొదటి ఏడాది అన్నీ సవ్యమైనవే. ఆపైన ఓ తేదీ దగ్గర ఒకటి తప్పింది. మూడు వారాలకి మరొకటి. తర్వాత నెలకి రెండు, నాలుగు, ఆరు. ఆఖరి నెలలకి వచ్చేసరికి తప్పనివి వెతుక్కోవాల్సి వచ్చింది. తప్పినవి మొత్తం డెబ్బై ఒకటి. ఆ కాగితం మీద ఉన్నది మొక్కల లెక్క కాదు. ఒక చెయ్యి నెలనెలా ఎలా పాడవుతూ వచ్చిందో వరసగా రాసిన లెక్క.

అప్పటిదాకా కంటికి ఆనని సంగతులన్నీ అప్పుడు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. పిన్ని కొంతకాలంగా టీ సగం కప్పే పోసుకుంటోంది. మాట్లాడేటప్పుడు కుడిచేయి కోటు జేబులోంచి తీయడం లేదు. పని పుస్తకంలో ఆవిడ అక్షరాలు పేజీ పేజీకీ చిన్నవైపోతూ వచ్చాయి. కాగితం పొదుపు చేస్తోందని ఎందుకమ్మ వేళాకోళం కూడా చేసింది. ఆఖరి రోజుల్లో అమ్మమ్మ చేతులు దుప్పటి మీద ఊరికే వణుకుతూ ఉండేవి. ముసలితనం అనుకున్నారందరూ. అదీ గుర్తొచ్చింది.

పరీక్ష సంగతి దాస్తే అబద్ధం అచ్చవుతుంది. బయటపెడితే తేదీలతో సహా బయటపెట్టాలి. ఆ కాగితం చూశాక పిన్నిని ఆ కిటికీ పక్క కుర్చీలో ఎవరూ ఉంచరు. ఆ కుర్చీ లేకపోతే ఆవిడ ఏమైపోతుందో ఊహించడానికి కూడా ఎందుకమ్మకి ధైర్యం చాల్లేదు. పది రోజులు అటు పెద్దాయనకీ, ఇటు పిన్నికీ చెప్పకుండా నానబెట్టింది. రోజూ పిన్ని పక్కనే కూర్చుంది, రోజూ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఒక్కోసారి ప్రేమకీ పిరికితనానికీ తేడా తెలియకుండా పోతుంది. ఆమెకి ఆ పది రోజులూ తెలియలేదు.

పదకొండో రోజు పొద్దున ఓ ఉపాయం తట్టింది. గాజుగది మూలన మరో వరస మొక్కలున్నాయి. వాటిలో ఒక జన్యువు చెడిపోయి, కేసరాలు రావాల్సిన చోట కూడా అండకోశాలే వస్తాయి. వాటిలో తీయాల్సింది ఏమీ ఉండదు. నేరుగా పుప్పొడి అద్దడమే. ఎంత మొరటు చేతికైనా అది నల్లేరు మీద నడక. ఇకనుంచి ఈ వరస నువ్వు చూడు పిన్నీ, పాత సంకరాలు నేను చూసుకుంటాను, థీసిస్‌లో ఈ భాగం వెనకబడింది అని వీలైనంత మామూలుగా చెప్పి, ఒక కుండీ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

పిన్ని కుర్చీ ముందుకి జరుపుకుంది. మొదటి పువ్వు విప్పింది. రెండోది విప్పింది. మూడోదాని దగ్గర పట్టకారు బల్ల మీద పెట్టేసింది.

“తీయడానికి ఇందులో ఏమీ లేవే,” అంది.

ఎందుకమ్మ కుండీ వెనక్కి జరపబోయింది.

“ఎన్ని పోయాయి?”

“పిన్నీ...”

“ఎన్నని అడుగుతున్నా.”

“డెబ్బై ఒకటి. నూట పన్నెండులో.”

పిన్ని లెక్క రాసిన కాగితం చూపించమంది. ఎందుకమ్మ తెచ్చి ఇచ్చింది. పిన్ని చేతిలో ఆ కాగితం అంచు అదురుతోంది. ఆవిడ దాన్ని బల్ల మీద పరిచి, వేలితో తేదీల వెంట పైకి వెళ్ళి, మొట్టమొదట తప్పిన కాయ దగ్గర ఆగింది.

“నేను నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళింది దీని తర్వాత ఎనిమిది నెలలకి. నాకన్నా ముందు వీటికే తెలిసిందన్నమాట.”

ఎవరికీ చెప్పకుండా ఎందుకు దాచావని ఎందుకమ్మ అడగలేదు. తన పది రోజులు ఆమె కళ్ళ ముందే ఉన్నాయి. పిన్నే చెప్పింది.

“పని చేస్తుంటే వణుకు ఆగిపోయేది. ఖాళీగా పెడితేనే వణికేది. పట్టకారు పట్టుకోగానే నా చెయ్యి నాకు తిరిగొచ్చినట్టుండేది. అందుకే ఖాళీగా పెట్టలేదు. కళ్ళారా చూస్తూనే ఉన్నా కదా, శుభ్రంగా తీస్తున్నా అనుకున్నా. వేళ్ళు బిగుసుకుపోయి, ఎక్కడో ఒకటి నలిగేది కాబోలు. నాకు తెలీలేదే.”

ఎందుకమ్మ ఏడ్చేసింది. నువ్వెందుకే ఏడుస్తావు, నీ రెండేళ్ళు నా చేతుల్లో పోయాయి, ఏడవాల్సింది నేను అంది పిన్ని. అని, తను మాత్రం ఏడవలేదు.

ఇద్దరూ కలిసి పెద్దాయన గదికి వెళ్ళారు. వెళ్దామన్నదీ పిన్నే, కాగితం ఆయన ముందు పెట్టిందీ పిన్నే. ఆయన చాలాసేపు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తల్లి ముద్ర కథ ఆ బల్ల మీదే ముగిసిపోయింది. వ్యాసం వెనక్కి తీసుకోవాలన్నాడు. కారణం ఏదైనా పొడిపొడిగా రాసేద్దాం, తేదీలూ దారాల రంగులూ ఎందుకులెండి అన్నాడు పాపం, మంచితనానికి పోయి. పిన్ని ఒప్పుకోలేదు. దారం కట్టేది ఎందుకు మరి అని అడిగింది. ఏ తేదీ నుంచి నీలం దారం కాయల్ని నమ్మకూడదో ఆవిడే చెప్పి, తన ముందే రాయించింది. విత్తనాలు శుభ్రం చేసే పని, చీటీలు అతికించే పని ఇక్కడే ఉన్నాయి, మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అన్నాడు పెద్దాయన. ఆలోచించుకుంటానండి అంది పిన్ని. ఆలోచించుకోదని ముగ్గురికీ తెలుసు.

బయటికొచ్చాక ఆవిడ తిన్నగా ఇంటికి వెళ్తుందనుకుంది ఎందుకమ్మ. వెళ్ళలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఆ కేసరాల్లేని పూలకి పుప్పొడి అద్దింది. పొద్దు వాలేదాకా పదకొండు పూలు. అంతకు ముందైతే గంట పని. దారం కట్టడానికి మాత్రం వేళ్ళు మాట వినలేదు. రెండుసార్లు దారం జారిపోయింది. ముడి నువ్వు వెయ్యి అంది పిన్ని, కాడని పట్టుకుని. ఎందుకమ్మ పసుపు ఉండ కోసం చెయ్యి చాపబోతే ఆపింది.

“నీలమే వెయ్యి. అద్దింది నేను కదా.”

వెళ్ళేటప్పుడు గోడ మేకు మీంచి నీలం దారం ఉండ తీసి చేతిసంచిలో వేసుకుంది. పట్టకారు మాత్రం బల్ల మీదే వదిలేసింది. సానరాయి మీద ఆ మొనలకి పదును పెట్టడం ఆవిడకి తప్ప ఎవరికీ రాదు. నెల తిరిగేసరికి అవి మొద్దుబారిపోయాయి.

ఎందుకమ్మ సొరుగులోని పసుపు దారం లెక్కలు బయటికి తీసింది. ఇరవై చిల్లర మొక్కలతో థీసిస్ నిలబడదు కాబట్టి సంకరాలన్నీ మళ్ళీ మొదటినుంచి, తన చేత్తో మొదలుపెట్టింది. ఐదు కేసరాలు. తల్లిదీ కాని, తండ్రిదీ కాని మధ్య సంఖ్య. ఆ రెండు కేసరాలూ ఒక్కసారిగా ఊడిపోలేదు, చిన్న చిన్న మార్పులు అనేకం చేరి, కొద్దికొద్దిగా తరిగి పోయాయని చెప్పే లెక్క. అందులో వింత ఏమీ లేదు. నిజం మాత్రం ఉంది.

మూడు నెలల తర్వాత, ఓ సెలవురోజు మధ్యాహ్నం, పిన్ని ఇంటికి వెళ్ళింది. బాబాయి తలుపు తీసి, లోపల ఉందమ్మా అని తను బయటికి వెళ్ళిపోయాడు. పిన్ని గదిలో కిటికీ దగ్గరే కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. కుడిచేయి ఆగకుండా వణుకుతోంది. ఇప్పుడు దాన్ని దాచడానికి జేబు లేదు, దాచాలన్న పట్టింపూ లేదు.

ఎందుకమ్మ పక్కన కూర్చుని, మూడు నెలలుగా చెప్పాలని ఎదురుచూసిన మాట చెప్పింది. ఆ పదకొండు కాయల్లోంచి వచ్చిన మొక్కలన్నిటికీ పరీక్ష చేశాననీ, పదకొండుకి పదకొండూ సవ్యమే అనీ, అన్నిటికీ తండ్రి ఉన్నాడనీ చెప్పింది. చెబుతుంటే గొంతులో సంతోషం తన్నుకొచ్చింది.

“తీసేవి లేవు కాబట్టి,” అంది పిన్ని.

ఆ మాట నిజం. నిజాన్ని ఓదార్పు కోసం వంచడం ఆవిడ దగ్గర ఎన్నడూ చెల్లలేదు, ఇప్పుడూ చెల్లలేదు. బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పిన్ని ఆమె వైపు కాక, ఆమె చేతుల వైపు చూస్తోంది.

“డాక్టరు అడిగాడు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. మా అమ్మకి ఉండేదని చెప్పా.”

“అది అలాగే రావాలని లేదు పిన్నీ. చాలామందికి రాదు.”

“లెక్కలు నాకు చెప్పకు. చేతులు ఒళ్ళో పెట్టు.”

ఎందుకమ్మ పెట్టింది. పొడవాటి వేళ్ళు, లోపలికి వంగిన చిటికెన వేలు.

“దేన్నీ పట్టుకోకు. ఖాళీగా ఉంచు.”

ఖాళీగా ఉంచింది. పిన్ని ముందుకి వంగి, ఒకప్పుడు మైక్రోస్కోపులో మొగ్గని చూసినట్టే, రెప్ప వేయకుండా ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. ఆ గదిలో కదులుతున్నది ఒక్క పిన్ని చెయ్యే.

“కదలట్లేదు,” అంది చివరికి. ఎందుకమ్మ చేతులు తీయబోయింది.

“తియ్యకు,” అంది పిన్ని. “ఇంకాసేపు ఉంచు.”